బేస్‌మెంటు దగ్గర ఆగిపోయిన కాలనీ ఇల్లు: పూర్తి చేయాలా, అమ్ముకోవాలా, బ్యాంకు లోనుకు పోవాలా?

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివిన తర్వాతే ఈ సమాధానం రాస్తున్నాను. ఉమ్మడి అనంతపురం జిల్లాలో గృహనిర్మాణ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి, ముప్పయ్యేళ్లకు పైగా పేదల ఇళ్ల పునాదులు కొలుస్తూ, స్లాబులు పోస్తుంటే పక్కన నిలబడుతూ పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి, మీ పరిస్థితి నాకు కొత్తది కాదు.

చదివేవారికి కూడా తెలియాలి కనుక మీరు చెప్పిన సంగతులు ముందుగా క్లుప్తంగా రాస్తాను. 2020 డిసెంబరులో ఇచ్చిన పట్టాల్లో మీ పేరు మీద అనంతపురానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక సెంటు స్థలం వచ్చింది. ఇల్లు బేస్‌మెంటు దాకా లేచి 2022లో ఆగిపోయింది. ఖాతాలో పడిన 60,000 రూపాయలను పని ఒప్పుకున్న మేస్త్రీ తీసుకుని తిరిగి కనబడలేదు. మీవారు మార్కెట్ యార్డులో హమాలీ, మీరు ఇంట్లోనే జాకెట్లు కుడతారు, బీసీ కుటుంబం, తెల్లకార్డు ఉంది, అద్దె నెలకు 4,500. చీటీ పాడిన డబ్బు 40,000 చేతిలో ఉంది. ఇప్పుడు వేరొక బేల్దారి మిగిలిన పనికి 3,25,000 అడుగుతున్నాడు. ఆ ఇల్లు పూర్తి చేయాలా, పట్టాకు రెండు లక్షలు ఇస్తామంటున్న మనిషికి ఇచ్చేయాలా, బ్యాంకు లోను తీసుకుని ఊళ్లోనే చిన్న ఇల్లు కొనాలా, లేక గార్లదిన్నె పక్కన పల్లెలో మీ అత్తగారి పాత మట్టిమిద్దెను పడగొట్టి అక్కడ కట్టుకోవాలా అన్నది మీ ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కాలనీ ఇల్లే పూర్తి చేయండి. అయితే బేల్దారి లెక్క వేసిన ఇల్లు కాదు, మీ డబ్బుకు సరిపడే ఇల్లు. స్లాబుకు కావలసిన డబ్బు చేతిలోకి రాకుండా మాత్రం బేస్‌మెంటు మీద ఒక్క వరుస ఇటుక కూడా పేర్చవద్దు. ఈ మాట ఎందుకంటున్నానో చివరిదాకా చదివితే అర్థమవుతుంది.

పట్టా అమ్మకం సంగతి త్వరగా ముగిస్తాను. అది ప్రభుత్వం కేటాయించిన ఇంటిస్థలం. ఇటువంటి భూముల బదిలీని నిషేధిస్తూ 1977లోనే రాష్ట్రంలో చట్టం వచ్చింది. షరతుల గడువు తీరకుండా జరిగే అమ్మకం చెల్లదు, ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉన్నంతకాలం రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు నడవదు. మీ దగ్గరికి వచ్చిన మనిషికీ ఈ సంగతి తెలుసు. అందుకే అతడు రిజిస్ట్రేషను మాట ఎత్తకుండా స్టాంపు కాగితం మీద నోటరీ ఒప్పందం చాలునంటున్నాడు. రేపు విచారణ వస్తే స్థలం వెనక్కి పోతుంది, అతడు మీ మీదికి వస్తాడు, రికార్డుల్లో మాత్రం మీరు ఇల్లు పొందిన లబ్ధిదారుగానే మిగిలిపోతారు. రెండు లక్షలు చేతిలో పడుతున్నట్టు కనబడినా, అది మీ కుటుంబానికి ఉన్న ఏకైక హక్కును చిత్తుకాగితానికి మార్చుకోవడమే.

బ్యాంకు లోను దారి కొంత వివరంగా చూడవలసినది, ఎందుకంటే దీని గురించి ఊళ్లో సగం సమాచారమే తిరుగుతోంది. 2024 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ రాయితీ విభాగం ఉన్న మాట నిజం. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలు, 35 లక్షలకు మించని విలువ గల ఇంటికి 25 లక్షల లోపు రుణం తీసుకుంటే, అందులో మొదటి 8 లక్షల మీద 4 శాతం చొప్పున రాయితీ లెక్కగట్టి, గరిష్ఠంగా 1,80,000 రూపాయలను అయిదు వార్షిక వాయిదాల్లో రుణ ఖాతాకు జమ చేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 8 లక్షల రుణానికి 9 శాతం వడ్డీతో ఇరవై ఏళ్ల గడువు పెట్టుకున్నా నెలకు సుమారు 7,200 రూపాయలు కట్టాలి. గడువును పన్నెండేళ్లకు తగ్గిస్తే అది 9,100 దాటుతుంది. జీతపు చీటీ లేని హమాలీ ఆదాయం మీద ఆ రుణం ఇవ్వడానికి బ్యాంకు ముందుకు రావడమే కష్టం, వచ్చినా 8 లక్షలకు అనంతపురం ఊళ్లో సక్రమమైన కాగితాలున్న ఇల్లు దొరకడం ఇంకా కష్టం.

అంతకన్నా పెద్ద అడ్డంకి ఒకటి ఉంది. మీలాగే ప్రభుత్వ పథకం కింద ఒకసారి ఇల్లు మంజూరైన కుటుంబానికి, అది కేంద్ర పథకమైనా రాష్ట్ర పథకమైనా, గత 20 ఏళ్లలో లబ్ధి పొందినవారన్న నియమం వర్తిస్తుంది; రెండోసారి ఇవ్వరు. పోనీ, పాత మంజూరును రద్దు చేయించుకుని కొత్త పథకంలో చేరతామంటే, పాత ఆవాస్ యోజనలో మంజూరై 2023 డిసెంబరు 31 తర్వాత రద్దయిన ఇళ్ల లబ్ధిదారులకు, రద్దుకు కారణం ఏదైనా సరే, 2.0లో ఇల్లు ఇవ్వకూడదని మార్గదర్శకాల్లోనే ఉంది. ఈ ఒక్క వాక్యం తెలియక, ‘ఈ ఇల్లు వద్దు, కొత్తది ఇవ్వండి’ అని సచివాలయంలో అర్జీ రాసిచ్చి రెంటికీ చెడ్డవారిని నేను ఎరుగుదును. కాబట్టి ఎవరు ఎంత నచ్చజెప్పినా, మంజూరు రద్దు కాగితం మీద సంతకం పెట్టవద్దు.

ఇక అత్తగారి మట్టిమిద్దె. దూలాలు, దంతెలు, వాటి పైన చౌడుమట్టి కప్పిన ఆ మిద్దెలు మన సీమ ఎండకు చేసిన ఇళ్లు. నడి ఎండాకాలంలో వాటి పడసాలలో కూర్చున్నవాళ్లకు ఆ చల్లదనం తెలుసు. కానీ ఏటా వానలకు ముందు పైన కొత్త చౌడు పోసి తొక్కించే మనుషులు తగ్గిపోయారు, దూలాలకు చెదలు పట్టాయి, రెండు రోజులు ముసురు పట్టిందంటే ఎక్కడో ఒకచోట మిద్దె కూలి మనుషులు పోయారన్న వార్త వినవలసి వస్తోంది. అందువల్ల అది బాగుచేయవలసిన ఇల్లే, కాకపోతే మీ ఇంటి లెక్కలో కాదు. మీ అత్తగారికి వేరే రేషను కార్డు ఉండి, ఆమె మీతో కాక విడిగా ఉంటున్నట్టయితే, గ్రామీణ ఆవాస్ యోజనకు ఆమె సొంతంగా అర్హురాలు కావచ్చు. ఆ పథకంలో మైదాన ప్రాంతాలకు ఇంటికి 1,20,000 రూపాయల సాయం, ఉపాధి హామీ కింద 90 పనిదినాల కూలీ, మరుగుదొడ్డికి 12,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆమె పేరు ఇళ్లు లేనివారి సర్వే జాబితాలో ఉందో లేదో గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటును అడిగి చూడండి. ఈలోగా ఆ మిద్దె కింద ముసురు రోజుల్లో ఆమెను పడుకోనివ్వకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పేదల ఇల్లు ఆగిపోయేది సాధారణంగా ప్రభుత్వ సాయం తక్కువైనందుకు మాత్రమే కాదు. ఆ సాయం పని జరిగిన తర్వాత వస్తుంది, ఖర్చు ముందు పెట్టవలసి ఉంటుంది. బేస్‌మెంటుకు కిందిదాకా, బేస్‌మెంటు, రూఫ్ లెవల్ (గోడలు పైకప్పు ఎత్తుకు లేవడం), స్లాబు, పూర్తి అని మా శాఖలో దశలు ఉంటాయి. ఒక్కొక్క దశ పూర్తయ్యాక ఇంజనీరింగ్ అసిస్టెంటు వచ్చి ఫోటో తీసి, స్థలం ఆనవాళ్లతో సహా ఆన్‌లైనులో ఎక్కిస్తేనే ఆ దశ బిల్లు కదులుతుంది. ఆ బిల్లు ఎన్నాళ్లకు ఖాతాలో పడుతుందన్నది ఖజానా పరిస్థితిని బట్టి ఉంటుంది. పని ఆగకూడదన్న తొందరలో ఆ మధ్య కాలానికి బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. లక్ష తెస్తే నెలకు మూడువేలు, ఏడాదికి 36,000. బిల్లు వచ్చేనాటికి అందులో మూడో వంతు వడ్డీకే పోతుంది. సాయం లక్షా ఎనభై వేలు అని కాగితం మీద ఉన్నా, ఇంటికి పట్టినది లక్షా పాతికవేలే అయిన కుటుంబాలు నా చేతి మీదుగానే ఎన్నో వెళ్లాయి.

మీ విషయంలో లెక్క ఇలా ఉంది. యూనిట్ విలువ, అంటే ఒక ఇంటికి ప్రభుత్వం ఇచ్చే మొత్తం, 1,80,000 రూపాయల్లో మీకు అందినది 60,000 పోగా 1,20,000 రావాలని మీరు రాశారు. అది అప్పుడే ఖాయమని అనుకోవద్దు. ప్రభుత్వం తరఫున సిమెంటు, ఇనుము మీ పేరున దిగి ఉంటే వాటి విలువ కూడా ఆ మొత్తంలోంచే కోత పడుతుంది, అవి మీ స్థలానికి చేరాయా, మేస్త్రీ మరో ఇంటికి మళ్లించాడా అన్నది మీకు తెలియకపోవచ్చు. దీనికి తోడు, ఆగిపోయిన ఇళ్ల కోసం 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం అదనపు సాయం ప్రకటించింది; ఎస్సీ, బీసీలకు 50,000, ఎస్టీలకు 75,000, ఆదిమ గిరిజన తెగలకు లక్ష రూపాయలు. మీ ఇల్లు ఆ జాబితాలో ఎక్కిందో లేదో ముందు తేల్చుకోవాలి. పొదుపు సంఘం సభ్యులకు అప్పట్లో పావలా వడ్డీకి 35,000 రుణం కూడా ఇప్పించారు, మీరు తీసుకున్నదీ లేనిదీ రాయలేదు. తీసుకోకపోతే పట్టణ పొదుపు సంఘాలను చూసే మెప్మా సంస్థ రిసోర్స్ పర్సనును అడగండి; ఆ రుణం ఇప్పుడు కుదరకపోయినా, సంఘం ద్వారా బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు లేదా సంఘాల పరపతి సంస్థ స్త్రీనిధి ఇచ్చే అప్పు ఏదైనా సరే, మూడు రూపాయల వడ్డీకంటే ఎన్నో రెట్లు నయం.

అన్నీ కలిసివస్తే, రావలసిన 1,20,000, అదనపు 50,000, సంఘం అప్పు 35,000, మీ చీటీ డబ్బు 40,000 మొత్తం 2,45,000 అవుతుంది. బేల్దారి అడిగినది 3,25,000. ఎనభై వేలు తక్కువ పడుతోంది. ఈ ఎనభై వేలకు అప్పు వెతకవద్దు. దాన్ని ఇంటిలోంచే తగ్గించాలి.

ఎలాగంటే, మీరు పంపిన అంచనాలో నేల మొత్తానికి టైల్సు, లోపల బయట రెండు పూతల ప్లాస్టరింగు, గోడ అలమరలు, ముందు వైపు షోకు పని, నాలుగు తలుపులకు చెక్క ఉన్నాయి. కాలనీ ఇల్లు 340 చదరపు అడుగుల ఇల్లు. దానికి ఇవన్నీ ఇప్పుడే అవసరమా? నేలకు తాడిపత్రి నల్లబండలు పరిపించండి. మన జిల్లా సరుకు, టైల్సులో సగం ఖర్చు కూడా కాదు, నలభై ఏళ్లు నిలుస్తాయి, వేసవిలో చల్లగా ఉంటాయి. ప్లాస్టరింగు ముందు బయటి గోడలకు, స్నానాల గదికి, వంటింటి గట్టు దగ్గర చేయించండి. లోపలి గోడలు సున్నం కొట్టి రెండేళ్లు వాడుకోవచ్చు. వీధి తలుపు, మరుగుదొడ్డి తలుపు బలమైనవి పెట్టి, లోపలి గదికి తెర కట్టుకున్నా కాపురం ఆగదు. గోడకు థర్మల్ కేంద్రం బూడిదతో చేసిన ఇటుకలు వాడవచ్చు. ఎర్రగుంట్ల, ముద్దనూరు వైపు నుంచి వచ్చే బూడిదతో ఇటుక చేసే యూనిట్లు మన దగ్గర చాలా ఉన్నాయి, కొలత సరిగ్గా ఉండడం వల్ల గార తక్కువ పడుతుంది. కాకపోతే కట్టే ముందు ఇటుకను తడపాలి, రెండు ఇటుకలను ఒకదానికొకటి కొట్టి గణగణమన్న శబ్దం వస్తేనే తీసుకోవాలి. ఇసుకకు 2024 జూలై నుంచి ధర లేదు, ఎత్తుబడి, రవాణా మాత్రమే. బేల్దారి అంచనాలో ఇసుకకు ప్రత్యేకంగా పెద్ద మొత్తం రాసి ఉంటే అది ఎందుకో అడగండి. ఈ మార్పులతో పనిని 2,45,000 దగ్గరికి తేవచ్చని నా అంచనా.

తగ్గించకూడనివి కూడా ఉన్నాయి. స్లాబులో, లింటల్ బెల్టులో (తలుపులు, కిటికీల పైన గోడ చుట్టూ పోసే కాంక్రీటు పట్టీ), మరుగుదొడ్డి గుంతలో ఒక్క రూపాయి కూడా మిగిల్చుకోవద్దు. 340 అడుగుల స్లాబుకు నాలుగున్నర అంగుళాల మందంతో దాదాపు 30 బస్తాల సిమెంటు, 300 కిలోల ఇనుము పడతాయి. సెంట్రింగు, కంకర, కూలీతో కలిపి 80,000 చేతిలో ఉంచుకోవాలి. స్లాబు డబ్బు లేకుండా గోడ లేపవద్దని మొదట్లో అన్నది ఇందుకే. గోడలు లేచి పైకప్పు లేని ఇల్లు బేస్‌మెంటు దగ్గర ఆగిన ఇంటికన్నా ఎక్కువ నష్టపోతుంది. ఒక్క వానాకాలం తడిస్తే గోడ తలభాగం గుల్లబారుతుంది, లింటల్ పైన చువ్వలు తుప్పు పడతాయి, ఎవరూ లేని కాలనీ కనుక తలుపు చట్రాలు కూడా మిగలవు. బేస్‌మెంటు మాత్రం మరో ఆరు నెలలు ఓపిక పడుతుంది. కాబట్టి చేతిలో ఉన్న 40,000తో ఈ నెలలోనే గోడ మొదలుపెట్టాలన్న ఆత్రం వద్దు. సంఘం అప్పు మంజూరై, మీ పేరు జాబితాలో ఖరారై, గోడకూ స్లాబుకూ కలిపి డబ్బు సమకూరాక, ఆ రెండు దశలనూ ఒకే ఊపున దాటండి. ప్లాస్టరింగు, బండలు, రంగులు తర్వాత వచ్చే బిల్లుతో తీరిగ్గా చేయించుకోవచ్చు.

మన జిల్లాలో నీళ్ల సంగతి మరచిపోకూడదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, ఏప్రిల్, మే నెలల్లో స్లాబు పోసి ట్యాంకరు నీళ్లతో తడపడం డబ్బు ఎండలో పోయడమే. నవంబరు వానలు వెనకబడ్డాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో స్లాబు పోయండి. పైన మడులు కట్టి రెండు వారాలు నీళ్లు నిలపండి. సెంట్రింగు అద్దె మిగులుతుందని ముందుగా ఊడదీసే మేస్త్రీకి ఆ అద్దె మీరే ఇచ్చి అయినా పది రోజులకు తక్కువ కాకుండా ఉంచండి.

పని మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న బేస్‌మెంటును ఒకసారి పరీక్షించాలి. మూడేళ్లకు పైగా ఎండకు వానకు వదిలేసిన బేస్‌మెంటులో ప్లింత్ బీము (పునాది మీద పోసిన కాంక్రీటు దూలం) మీద పగుళ్లు ఉన్నాయా, మూలలు ఒక పక్కకు కుంగాయా, లోపల నింపిన గ్రావెల్ దిగబడిందా అన్నది చూడండి. బయటికి పొడుచుకొచ్చిన చువ్వలుంటే తీగ బ్రష్షుతో రుద్ది చూడండి. పొట్టు రాలిపోయి లోపల మెరిస్తే పరవాలేదు, గుంతలు పడి చువ్వ సన్నబడి ఉంటే పక్కన కొత్త చువ్వ అతకవలసిందే. అనంతపురం చుట్టూ ఎర్రనేల కాబట్టి చాలాచోట్ల పునాది నమ్మదగినదే. తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడి భూముల్లో ఉన్నవారు మాత్రం ఈ సమాధానం చదివి ధైర్యపడకుండా, నేల ఉబ్బి కుంగే గుణానికి తగిన లోతు, ఇసుక నింపు, బీము ఉన్నాయో లేవో ఇంజనీరుకు చూపించుకోవాలి. మరొక్కటి, మీ లేఅవుటులో వాన నీరు ఎటు పోతుందో ఒక పెద్ద వాన రోజున వెళ్లి మీ కళ్లతో చూడండి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగినప్పుడు, ఎండాకాలంలో స్థలం చూసి కట్టుకున్నవాళ్లు ఎంత అవస్థ పడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. మీ స్థలం పల్లంలో ఉంటే బేస్‌మెంటు మీద మరో రెండు వరుసలు పెంచడానికి ఇదే సమయం, తర్వాత వీలుకాదు.

మేస్త్రీ తీసుకెళ్లిన 60,000 విషయం. తిరిగి వస్తాయని ఆశ పెట్టను. అయినా ఫిర్యాదు చేయడం అవసరం, డబ్బు కోసం కాకపోయినా రికార్డు కోసం. మీ ఇంటికి ఏ దశ వరకు బిల్లు రాశారన్నది కొలతల పుస్తకంలో ఉంటుంది. బేస్‌మెంటు దగ్గర ఆగిన ఇంటికి రూఫ్ లెవల్ బిల్లు రాసేసి ఉంటే, మీకు రావలసిన 1,20,000లో కొంత ఎప్పుడో పోయినట్టే. అందువల్ల ముందుగా వార్డు సచివాలయంలో మీ ఇంటి ఆన్‌లైను పేజీ తెరిపించి ఏ దశ చూపిస్తోందో, ఇప్పటిదాకా ఎంత డబ్బు, ఎన్ని బస్తాలు మీ పేరున పడ్డాయో రాసుకోండి. వాళ్లు చూపించడానికి వెనకాడితే సమాచార హక్కు చట్టం కింద కొలతల పుస్తకం నకలు అడగండి. తెల్లకార్డు ఉన్న మీకు రుసుము లేదు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. దానిని పట్టుకుని సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు సంఖ్య తీసుకోండి. ఈసారి పని ఒప్పుకునే మనిషికి మాత్రం మొత్తంగా ముందు చెల్లించవద్దు. సామాను మీరు కొనండి, కూలీ మాత్రం వరుసలు, గజాలు లెక్కబెట్టి వారం వారం ఇవ్వండి. నేను చూసినంతలో పేదవాళ్ల ఇల్లు మోసపోయేది ఎక్కువగా ‘నాకు అప్పగించండి, తాళం చెవి మీ చేతిలో పెడతా’ అన్న మాట దగ్గరే.

మీ ప్రశ్నలో లేకపోయినా, మీ చుట్టూ ఉన్నవాళ్ల సంగతి తప్పక చెప్పాలి. మీ లేఅవుటులో మీలాగే ఆగినవాళ్లు కనీసం పదిమంది ఉంటారు. ఇందిరమ్మ ఇళ్ల రోజుల్లో, 2007 ప్రాంతంలో, మా మండలంలో ఒక పల్లెలో పన్నెండుమంది ఆడవాళ్లు ఇలాగే ఆగిపోయిన ఇళ్లను ఒక కట్టుగా పూర్తి చేశారు. సిమెంటు అందరికీ ఒకే లారీలో తెప్పించారు. ఒకే బేల్దారి జట్టును పెట్టుకుని ఇంటి తర్వాత ఇల్లు గోడ లేపించారు. సెంట్రింగు సామానును ఒక్కసారే అద్దెకు తెచ్చి నాలుగు స్లాబుల మీద తిప్పారు. బిల్లు ముందు వచ్చిన ఇంటామె రాని ఇంటికి సర్దుబాటు చేసింది, సంఘం పుస్తకంలో రాసుకున్నారు. ఆ పన్నెండు ఇళ్లలో ఒక్కదానికి కూడా బయటి వడ్డీ ఎక్కలేదు. అధికారిగా నేను వాళ్లకు చేసిన సాయమల్లా, పన్నెండు ఇళ్ల ఫోటోలు ఒకేరోజు తీసి ఒకేసారి బిల్లు పెట్టడమే. కానీ ఒక్కొక్కరు విడివిడిగా తిరిగితే నేను కూడా అంత త్వరగా కదిలేవాణ్ని కాదేమో, నిజం చెప్పుకోవాలి. మీ సంఘంలో ఆ లేఅవుటు పట్టాలున్న సభ్యులను ఒక సాయంత్రం కూర్చోబెట్టండి. వరుసలో మీ పక్కింటివారు కూడా కడుతుంటే, ఇద్దరి హద్దు గోడ, నీళ్ల ట్యాంకరు, రాత్రి కాపలా కలిసివస్తాయి.

మన జిల్లాలో ఇల్లు ఆడవాళ్ల పేరున ఉండడం ఈ పథకాలతోనే మొదలు కాలేదు. 1969లో ఇక్కడికి వచ్చిన స్పెయిన్ దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) సంస్థ దళిత, గిరిజన కుటుంబాలకు కట్టిన ఇళ్లను ఆడవాళ్ల పేరునే ఇచ్చేది. నేను చూసిన ఆ కాలనీలు చాలామటుకు ఊరిని ఆనుకునే ఉండేవి, కూలికి నడిచి వెళ్లిపోయేవారు. సెంటు స్థలం లేఅవుట్లలో లోపించింది అదే. ఒక సెంటు అంటే 48 గజాల చిల్లర. ధర్మవరంలో ఒక చేనేత కుటుంబం నాతో ‘సారూ, ఇందులో మగ్గం గుంత తవ్వితే మేము ఎక్కడ పడుకోవాలి?’ అంది, నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొత్తగా ఇచ్చేవారికి పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు అన్న నిర్ణయం సరైన దిశలో ఉంది, కానీ మీకు వచ్చినది పెరగదు కదా.

అందువల్ల దూరం లెక్క కూడా ఇల్లు పూర్తయ్యేలోగా వేసుకోండి. అద్దె 4,500 మిగులుతుంది, ఏడాదికి 54,000. మీవారు తెల్లవారుజామున యార్డుకు పోవాలి. ఆ వేళకు బస్సు ఉండదు, బండి పెట్రోలుకు నెలకు రెండువేల దాకా అనుకోండి. పిల్లల చదువు సంవత్సరం మధ్యలో మారకూడదు. అన్నిటికన్నా మీ కుట్టుపని ముఖ్యం. ఇప్పుడున్న వీధిలో జాకెట్లు ఇచ్చేవాళ్లు తొమ్మిది కిలోమీటర్లు రారు. వారానికి రెండు రోజులు పాత వీధిలో ఎవరింటి అరుగు మీదైనా కూర్చుని కొలతలు తీసుకుని, కుట్టి తెచ్చి ఇచ్చే ఏర్పాటు ఇప్పటినుంచే మాట్లాడి పెట్టుకోండి. కాలనీలో కరెంటు మీటరు, కుళాయి నీళ్లు, వీధి దీపాలు వచ్చాకే సామాను మార్చండి; ఇల్లు పూర్తయిందని ముందే వెళ్లి, నీళ్లు లేక నెల తిరగకుండా మళ్లీ అద్దె ఇంటికి వచ్చినవాళ్లు రెండు అడ్వాన్సులు పోగొట్టుకున్నారు.

మీరు అడిగినట్టు మీ చెల్లెలు పేరున టిడ్కో ఇంటికి, అంటే పట్టణ పేదలకు ప్రభుత్వ సంస్థ కట్టిన అపార్టుమెంటు ఇంటికి, ప్రయత్నించడం వేరే సంగతి. 300, 365, 430 చదరపు అడుగుల కింది అంతస్తు మీద మరో మూడంతస్తులుండే ఆ ఇళ్లలో, కర్నూలు జగన్నాథగట్టు వద్ద కట్టినవాటిలా, ఊరికి దూరం, నిర్వహణ ఖర్చు రెండూ ఉంటాయి. స్థలం లేనివారికి అది కూడా దారే. ఆమె ఏ ఊళ్లో, ఏ కేటగిరీలో దరఖాస్తు చేసిందో రాస్తే విడిగా సమాధానం ఇస్తాను.

మీరు ఈ వారంలో చేయవలసినది ఒక్కటే. ఆధార్, పట్టా, బ్యాంకు పుస్తకం తీసుకుని వార్డు సచివాలయానికి వెళ్లి, ఇల్లు ఏ దశలో నమోదైంది, ఎంత చెల్లించారు, అదనపు 50,000 జాబితాలో పేరు ఉందా, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం సరిగా ఉందా అన్న నాలుగు విషయాలు కాగితం మీద రాయించుకుని రండి. ఆ నాలుగు వివరాలూ, బేస్‌మెంటు నాలుగు మూలల ఫోటోలూ ఇక్కడ పెట్టండి. గోడకు ఎంత, స్లాబుకు ఎంత, ఏ నెలలో మొదలుపెట్టాలో అప్పుడు కూర్చుని లెక్క వేసి రాస్తాను.